విశ్వాసమ్మ అర్జీ

ఆ పొద్దున ఆకాశం మబ్బు పట్టి, ఒక్క చినుకూ రాల్చకుండానే తేలిపోయింది. విశ్వాసమ్మ పైకి చూడలేదు. కూతురు క్రిస్టినా చెయ్యి పట్టుకుని, బండల లారీల దుమ్ములో నిలబడి, మండలానికి పోయే బస్సెక్కింది.

ఎంఈవో సుందరం అర్జీ చదివాడు. బడి గంట కొడితే తొమ్మిదేళ్ల పిల్ల చెవులు మూసుకుని అరుస్తుంది. అరిచినప్పుడల్లా సారు ఆ పిల్లను తువ్వాలుతో కిటికీ ఊచకు కట్టేశాడు. చివరికి బడికే రావద్దన్నాడు.

"ఎందుకు వద్దన్నాడు?"

"దీన్ని ఈడ కూర్చోబెడితే జనం నన్ను జూసి నవ్వుతారన్నాడు సార్."

క్రిస్టినా కింద కూర్చుని, పాత ఫైళ్లను పొడుగూ పొట్టీ వరుసన పేరుస్తోంది.

"పాపకు గాలి సోకిందేమోమ్మా. యాడన్నా చూపించరాదా?" అన్నాడు అటెండరు సుబ్బయ్య.

"నీకే సోకిందిలేప్పా. కర్నూలు డాక్టరు చూసినాడు. ఆటిజం అంట. పిచ్చి గాదు, దాని తీరే అట్లుండాది. గంట మోగితే చెవిలో మేకు దిగినట్టుంటాదంట. ఆ సారుకు శానాసార్లు చెప్పినా. ఇన్లేదు."

అర్జీ కింద పేరు ఇంకోసారి చూసి ఎంఈవో కళ్లజోడు తీశాడు.

"ఇది పైకి పంపితే ఆయన సస్పెండైతాడు. కడుపు మీద కొట్టినట్టయితాది. పిలిపిస్తా, రాజీ పడండమ్మా."

"నీళ్లు పోసేటప్పుడు దీని మణికట్లు చూసినా సార్. కొట్టాలనే వచ్చినా."

"ఇంట్లో చెప్పే వచ్చినావా?"

"ఆర్డరొస్తే తెలుస్తాది లే సార్."

కాగితం చిరిగేటట్టు సంతకం చేసింది.

పదో రోజు ఆర్డరొచ్చింది. అదే రోజు ప్రత్యేక పిల్లల టీచరు పద్మప్రియ బడికి వచ్చింది. గంటకు గోనెపట్ట చుట్టించింది. క్రిస్టినాను ముందు వరుసలో కూర్చోబెట్టింది.

ఊరంతా చూస్తుండగా సారు బయటికి నడిచాడు. గేటు దగ్గర విశ్వాసమ్మ నిలబడి ఉంది.

"ఏం సారూ, జనం నవ్వుతాండారా?"

ఆయన పక్కకు తప్పుకుని గేటు దాటాడు.

పొద్దు వాలినాక విశ్వాసమ్మ జొన్నరొట్టెలు కాల్చింది. చెనక్కాయల పచ్చడి నూరింది.

సస్పెన్షన్ ఆర్డరు జేబులో మడిచి పెట్టుకున్న సారు, పెండ్లాం వేసిన రొట్టెను, కూతురు క్రిస్టినా పక్కన కూర్చుని, తలెత్తకుండా తిన్నాడు.