వినే మొగుడు

ఆర్నెల్లుగా మా ఆయన రోజూ సాయంత్రం ఫోను బల్లమీద బోర్లించి, నా ఎదురుగా కూర్చుని, చెప్పిందల్లా వింటున్నాడు. పెళ్లయిన పదేళ్లకు మారాడనుకుని, అమ్మ పోయిన దిగులుతో సహా నా గోడంతా వెళ్లబోసుకున్నాను.

మాటలు విని అక్షరాలుగా మార్చే ప్రోగ్రాం ఒకటి ఆయన తయారుచేశాడు, అది ఇవాళ విడుదలైంది. ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. మురిసిపోతూ నేనూ చేసుకున్నాను.

దాంతోపాటు వచ్చిన నమూనా రికార్డింగుల్లో మొదటిది నొక్కాను. అమ్మను తలుచుకుని ఏడుస్తున్న నా గొంతు వినిపించింది. కింద వరసగా ఆర్నెల్ల తేదీలున్నాయి.

"ఇవి తీసెయ్యండి," అన్నాను.

"తీసేస్తాలే. కానీ ఇప్పటికే మూడువేలమంది దించుకున్నారు. ఎవరి గొంతో వాళ్లకేం తెలుసు?"

నేను మొహం తిప్పుకున్నాను. ఆయన వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"కోపమొచ్చినట్టుందే. మనసులో ఏముందో చెప్పు, వింటాను," అంటూ ఫోను బల్లమీద బోర్లించాడు.