పంచదారకి షుగరు

"పిల్లకి షుగరా! అయ్యో పాపం, ఎన్నేళ్ళండీ?" మందుల షాపతను రోడ్డు మీద హారన్ల మోతను మించి అరిచాడు.

"పదకొండు నిండాయి," అంది టైలరమ్మ.

"చదువుకుంటోందా?"

"చదువెక్కడయ్యా! పొద్దస్తమానం నిద్రే. లేచిందంటే మీసాలు దువ్వుకోవడమే సరిపోతుంది."

"మీసాలా!" అన్నాడు షాపతను. ఆవిడ వెనక నిలబడ్డ, వీధి చివర వాచీలు బాగుచేసే గడియారాలాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "పిల్ల కాదు బాబూ, పిల్లి! చెల్లెమ్మ ముచ్చటపడి పంచదార అని పేరు పెట్టింది. అది పేరు నిలబెట్టింది!"

నవ్వులు సద్దుమణిగాక షాపతను సిరంజిల పొట్లం తీశాడు. "అర యూనిట్ గీతలున్నవి ఇవేనమ్మా. మరీ సన్నం. మీ కంటికి ఆనతాయా?"

"నాకెక్కడ ఆనతాయి! అన్నయ్యగారే రెండు పూటలా మూడంతస్తులెక్కి వచ్చి మందు పెట్టి వెళతారు."

"ఈయన మోకాళ్ళ నొప్పులతోనా? ఓ భూతద్దం కొనుక్కుంటే పోయేదానికి, పెద్దాయన్ని మెట్లెక్కిస్తారేంటమ్మా?"

అతను మంచికే అన్నాడు. గడియారాలాయన కూడా "నిజమే సుమా" అని తలూపాడు. టైలరమ్మకి మాత్రం ఆ మాట సూదిలా దిగింది.

బతుకంతా సూదిలోకి దారం ఎక్కించిన మనిషి. కళ్ళు మసకబారాక కుట్టుమిషను మూలన పడింది; కొలతలిచ్చే నెపంతో కబుర్లు చెప్పడానికి వచ్చేవాళ్ళు కూడా మానేశారు. ఇప్పుడేమో సూదిలోకి మందు ఎక్కించమంటున్నారు. డాక్టరు చెప్పిన మోతాదు ఒకటిన్నర యూనిట్లు. రెండైతే పిల్లి కళ్ళు తేలేస్తుంది. ఒకటైతే నీళ్ళగిన్నె వదలదు. ఆ మధ్యలోని అర కోసమే గడియారాలాయన వచ్చేది. కంటికి భూతద్దం బిగించి, గాలిబుడగలు పోయేలా సిరంజిని గోటితో టకటకా కొట్టి, చేతి గడియారం విప్పినంత పొందికగా మందు లాగేవాడు. ఆయన వచ్చే గడియ కోసమే ఆవిడ తలుపు గడియ తీసేది. మిగతా పొద్దంతా ఆ ఇంట్లో "మ్యావ్" తప్ప మారుమాట ఉండదు.

మర్నాడు సాయంత్రం ఆయన చంకలో ఒక పరికరంతో వచ్చాడు. ఇత్తడి కాలు మీద నిలబెట్టిన అద్దం.

"పాత గోడగడియారం సామానుతో చేశాను చెల్లెమ్మా. సిరంజి దీని వెనక పెట్టి చూడు. గీతలు మీ మెట్లంతేసి కనిపిస్తాయి."

"అయితే ఇక మీరు రారన్నమాట."

"నీకే చేతనైతే నేనెందుకమ్మా? నా మోకాళ్ళు నీకు దణ్ణం పెడతాయి." నవ్వబోయి, సగంలో ఆపాడు. "నా ముందు ఒక్కసారి లాగి చూపించు. సరిగ్గా వస్తే ఇవాళ్టితో నాకు సెలవు. రాకపోతే అప్పుడు చూద్దాం."

టైలరమ్మ సిరంజిని మందుసీసాలో గుచ్చింది. అద్దంలో గీతలు నిజంగానే మెట్లలా పరుచుకున్నాయి. తప్పు చేయడం ఎంత సుళువు! ఒక్క గీత పైకి లాగితే చాలు, రేపు కూడా మెట్ల మీద ఆ అడుగుల చప్పుడు వినబడుతుంది. ఎలాగూ ఆయన చూసి సరిచేస్తాడు, పిల్లికేం కాదు. పంచదార వచ్చి ఆవిడ కాలికి తల రుద్దింది. ఆవిడ ఊపిరి బిగబట్టి మందు లాగి, తలెత్తకుండా సిరంజి ఆయన చేతికిచ్చింది.

గడియారాలాయన కంటికి భూతద్దం బిగించాడు. వెలుతురుకేసి అటు తిప్పి, ఇటు తిప్పి, చాలాసేపు చూశాడు.

"ప్చ్! రెండు దాకా లాగేశావు చెల్లెమ్మా."

"అయ్యో! చెయ్యి వణికిందండీ."

"అద్దం ఉంటే చాలదమ్మా, అలవాటుండాలి. ఏం చేస్తాం, నా మోకాళ్ళ రాత ఇంతే!"

విసుక్కుంటూనే కిటికీ వైపు తిరిగి, మందు తగ్గిస్తున్నట్టు సిరంజిని పైకెత్తాడు. పంచదార మెడ వెనక చర్మం ఎత్తి, మందు ఎక్కించేశాడు.

"రేపు పొద్దున తలుపు తీసి ఉంచు."

"అలాగే అన్నయ్యగారూ."

కుంటుకుంటూ దిగుతున్న ఆయన ఈల మెట్ల మీద నుంచి వినిపించింది. ఆవిడ గుమ్మంలోనే నిలబడి, అది వీధిలో కలిసిపోయేదాకా విన్నది.

ఆవిడ లాగింది సరిగ్గా ఒకటిన్నరే.