సవతి పేరు

"మునెమ్మా..." గంగులప్ప మళ్లీ చనిపోయిన మొదటి భార్యనే పిలిచాడు.

రాగి జావ గ్లాసు పట్టుకున్న రెడ్డెమ్మకు ఒళ్లు మండింది. మదనపల్లెలో తుంటి ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆయన సరిగా తినడు, గోడవైపు తిరిగి పడుకుంటాడు. మతి తప్పిన ఆ నోట ఎప్పుడూ అదే పేరు. ఇన్నేళ్లు కాపురం చేసిన తన పేరు ఒక్కసారీ రాలేదు.

"నేను రెడ్డెమ్మను. ఆమె పోయి ఎన్నేండ్లాయె? ఇంకా ఆమేనా నీకు?"

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. "యాల పిలుస్తాండావు మునెమ్మా? నేను నీతో రాను. ఈడ రెడ్డెమ్మ ఒంటిదైపోతాది."

రెడ్డెమ్మ మెల్లగా మంచం అంచున కూర్చుంది.

"సరేలే, నేను పోతాండాను," అంది, సవతి గొంతు ఎలా ఉండేదో తెలియకపోయినా. "నువ్వు జావ తాగు. రెడ్డెమ్మ కాచిండాది."

గంగులప్ప గ్లాసు అందుకున్నాడు.