అలక

సముద్రం అడుగున నేను కెమెరా ఎత్తగానే, పగడాల సందులో దాక్కున్న చేపను గైడు పుల్లతో పొడిచాడు. అది గుడ్లు తేలేసి బంతిలా ఉబ్బింది. పుల్ల లాగేసుకుని, ఫొటో తీయకుండానే పైకి వచ్చేశాను.

"నోరులేని జీవాన్ని పొడుస్తావా? సిగ్గులేదూ!" పడవెక్కగానే తిట్టాను.

"బెదిరితేనే కదండీ ఉబ్బేది! పోయినేడు మీరు పడవలోనే ఉన్నప్పుడు, మేడమ్‌గారి ఫొటోకీ నేనే పొడిచాను. సరిగ్గా ఉబ్బలేదని ఇంకోసారి పొడిపించారు కూడా. ఈసారి ఆవిడ రాలేదేం?"

చనిపోయిందని చెప్పి, కెమెరా సంచిలో పెట్టేశాను.

మా పడకగది గోడమీద నా భార్య తీసిన ఆ చేప ఉంది. కింద ఆమె చేతిరాత: "అలిగితే మావారు అచ్చం ఇంతే!"

ఇన్నాళ్లూ పొద్దున్నే దాన్ని చూసి నవ్వుకునేవాణ్ణి.