తెల్లరాయి

“అలాంటి రాయి ఇక్కడ లేదమ్మా. నేను పుట్టకముందు సంగతి నన్నడిగితే ఎలా?” అన్నాడు సమాధుల తోట కాపలాదారు.

“ఎందుకు లేదు? విషజ్వరం వచ్చిన ఏడాది పోయిన పిల్లలందరి పేర్లూ చెక్కిన తెల్లరాయి. ఈ నర్సమ్మే చెప్పింది,” అంది పెద్దావిడ. “చెప్పవే, ఎటువైపు?”

పక్కనే నిలబడ్డ రిటైర్డు నర్సు చూపు పక్కకు తిప్పుకుంది. “వెనక... ప్రహరీ వైపు అనుకుంటా అక్కా,” అంది.

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. అప్పట్లో కొత్తగా పనిలో చేరిన ఈ నర్సు జ్వరాల వార్డు గేటు దగ్గర అలాగే ఆడింది. అంటురోగమని పోయిన పిల్లలందర్నీ ఒకే గోతిలో పూడ్చేశారు. తల్లుల్ని దగ్గరికి రానివ్వలేదు. ఏడుస్తూ వచ్చిన ప్రతి తల్లికీ, “తెల్లరాయి పెట్టారమ్మా, మీ బిడ్డ పేరే అందరికన్నా పైనుంది,” అని చెప్పి పంపింది పాపం.

ఇప్పుడు ఇద్దరూ పిచ్చిమొక్కల్లో పడి వెతుకుతున్నారు. పెద్దావిడ ప్రతి రాయి ముందూ మూలుగుతూ కూర్చుంటోంది. చేతిరుమాలుతో నాచు తుడిచి, కళ్లద్దాలు సర్దుకుని చదువుతోంది.

“ఇదీ కాదు. ఎవరో ప్లీడరు గారట. చచ్చాక కూడా ఎంత చోటు ఆక్రమించాడో చూడు!”

“ఎండెక్కింది. ఇంకోసారి వద్దాం అక్కా.”

“ఈ మోకాళ్లతో ఇంకోసారి కూడానా? ఊరుకో. నువ్వు అటు చూడు.”

ముల్లు గుచ్చుకుని ఆవిడ వేలికి రక్తం వచ్చింది. అయినా మరో రాయి వైపు జరగబోయింది. నర్సు ఇక తట్టుకోలేక ఆవిడ చెయ్యి పట్టుకుంది.

“వెతక్కు అక్కా. రాయి లేదు. ఎప్పుడూ లేదు. నేనే కల్పించి చెప్పాను. నీకొక్కదానికే కాదు, అందరికీ. తిట్టు, కొట్టు, నీ ఇష్టం.”

పెద్దావిడ నింపాదిగా రుమాలు దులిపి మడిచింది.

“మాకు ఆ వారంలోనే తెలిసిపోయిందే. గొయ్యి తవ్వినవాడే చెప్పాడు.”

“మరి ఒక్కరూ నన్ను నిలదీయలేదేం?” అంది నర్సు.

“నిలదీయకూడదని తల్లులందరం ఒట్టేసుకున్నాం. వాళ్లలో ఇప్పుడు మిగిలింది నేనొక్కదాన్నే. నేనూ పోతే ఈ అబద్ధాన్ని నువ్వు కడదాకా మోస్తావని, నీ నోటే చెప్పించి దింపుదామని లాక్కొచ్చాను.”

“ఒట్టెందుకక్కా? అంత మోసం చేస్తే?” నర్సు ఏడ్చేసింది.

పెద్దావిడ ఆమె జుట్టులో చిక్కుకున్న ఎండుటాకు తీసి పారేసింది.

“నీకప్పటికి పద్దెనిమిదైనా నిండలేదు. ఆ వార్డులోంచి ప్రాణాలతో బయటికొచ్చిన పిల్లవి నువ్వొక్కదానివేనే.”