కెప్టెన్ గొంతు

"ఈ రెండింట్లో ఒకటి దొంగ గొంతు" అంటూ రేడియో మెకానిక్ రెండు సీడీలు బల్లమీద పెట్టాడు.

తలుపు పక్కన, చివరి కుర్చీలో కూర్చున్న మనిషి కుర్చీని తలుపువైపు ఇంకాస్త జరుపుకున్నాడు. ఆ దొంగ గొంతు అతనిదే.

ఆదివారం మధ్యాహ్నం. రిపేరు షాపు పైగదిలో పాతికమంది దాకా ఇరుక్కుని కూర్చున్నారు. అందరూ కెప్టెన్ నాటకాలంటే చెవి కోసుకునేవాళ్ళే. టీవీలో ఆ ఓడ సీరియల్ ఆగిపోయి ముప్ఫై ఏళ్ళయింది. తర్వాత ఒక కంపెనీ లైసెన్సు తెచ్చుకుని, అవే పాత్రలతో వినే నాటకాలు చేస్తోంది. ఇప్పటికి యాభై రెండు వచ్చాయి. లైసెన్సులో ఉన్న షరతు ప్రతి అట్టమీదా అచ్చేసి ఉంటుంది. టీవీలో కెప్టెన్ వేషం వేసిన నటుడే గొంతివ్వాలి. ఆయన మానేసిన రోజున నాటకాలూ బంద్.

ఆయన నలభయ్యో నాటకంతోనే మానేశాడు. పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఆ సంగతి తెలిసినవాళ్ళు నలుగురే. ఆయన భార్య, కంపెనీ యజమాని, రికార్డింగ్ చేసేవాడు, నలభై ఒకటి నుంచి ఆ గొంతు అనుకరిస్తున్న ఈ డబ్బింగ్ మనిషి. బయటపెడితే నలుగురి ఇళ్ళలోనూ పొయ్యి ఆరిపోతుంది. పొయ్యి వెలిగించని నిజాన్ని ఎవరు మాత్రం ఎన్నాళ్ళు మోస్తారు? పైగా ఇది మోసం కేసు. పట్టుబడితే యజమాని మొట్టమొదట వేలెత్తి చూపించేది ఇతన్నే.

'మన నాటకాలకి ఇంకెంత ఆయుష్షు?' అని ఈ మీటింగు కాగితం అంటించారు. కింద చిన్న అక్షరాల్లో గొంతు మోసం రుజువు చేయబడును అని ఉంది. అది చూసి యజమానే ఇతన్ని పంపాడు. వెళ్ళి విని రమ్మన్నాడు, నోరు మాత్రం తెరవద్దన్నాడు.

సీడీలు వినిపించే ముందు ఆయుష్షు సంగతి నడిచింది. ఇంకో పదేళ్ళు గ్యారంటీ అని బస్సు కండక్టరు టిక్కెట్టు చింపి ఇచ్చినంత తేలిగ్గా చెప్పాడు. ఆ నటుడికి డెబ్బై ఎనిమిది, ఆ పదేళ్ళూ నీ ఆయుష్షులోంచి పోస్తావా అని టైలరమ్మ అడిగింది. పోనీ వేరే నటుణ్ణి పెట్టుకోవచ్చు కదా అని ఎవరో గొణిగారు. మెకానిక్ ఒంటికాలి మీద లేచాడు.

"గొంతు మార్చేసి కెప్టెన్ అంటే కెప్టెనైపోతాడా? రేపు మీ ఆయన్ని మార్చేసి, ఈయనే మీ ఆయన అంటే ఊరుకుంటావా అక్కా?"

"మార్చే వీలుంటే ఈపాటికి నేనే మార్చేదాన్ని" అంది టైలరమ్మ.

గదంతా నవ్వింది. డబ్బింగ్ మనిషి కూడా నవ్వబోయి ఆపుకున్నాడు. కెప్టెన్ నవ్వు బయటికొస్తుందేమోనని భయం. ఈ మధ్య ఇంట్లో ఉప్పు అందుకోమన్నా ఆ గొంతే వస్తోంది, కూతురు సెల్యూట్ కొట్టి మరీ అందిస్తోంది.

"కొత్తగా వచ్చినట్టున్నారు, మీరేమంటారన్నా?" అని కండక్టరు ఇటు తిరిగాడు.

అతను గొంతు పట్టుకుని తల అడ్డంగా ఊపాడు. జలుబనుకుని టైలరమ్మ తన ఫ్లాస్కులోంచి వేడినీళ్ళు పోసిచ్చింది.

"తలుపు దగ్గరున్నాయనా, వీధి చప్పుడు రాకుండా కాస్త గడియ పెట్టండి" అన్నాడు మెకానిక్.

అతను తన చేత్తోనే గడియ పెట్టాడు.

మెకానిక్‌వి పాము చెవులు. రేడియో మూత విప్పకుండానే ఏ పార్టు పోయిందో చెప్తాడని పేరు. ముందు టీవీ సీరియల్ ముక్క పెట్టాడు. "లంగరెత్తండి" అన్నాడు కెప్టెన్. తర్వాత నలభయ్యో నాటకంలోంచి అదే మాట. తర్వాత నలభై ఒకటిలోంచి అదే మాట. మూడుసార్లు వినిపించి, వేలు పైకెత్తాడు. ఆ వేలు తనవైపే వస్తుందని డబ్బింగ్ మనిషి కళ్ళు మూసుకున్నాడు.

"నలభైలో చూశారా, ఊపిరి మధ్యలో తెగుతోంది. గరగర. నలభై ఒకటి టీవీకి అచ్చుగుద్దినట్టుంది. గరగర వచ్చిందంటే డూప్లికేట్ పార్టు వేసినట్టే. నలభై దాకా మనకి అంటగట్టింది దొంగ గొంతు. అసలాయన వచ్చింది నలభై ఒకటి నుంచే."

డబ్బింగ్ మనిషి కళ్ళు తెరిచాడు. గొంతు నేర్చుకోవడానికి తను రోజుల తరబడి విన్నది ఆ టీవీ సీరియలే. అందులో కెప్టెన్‌కి నలభై ఎనిమిదేళ్ళు. అసలాయన నాటకాలు చదువుతూ చదువుతూ ముసలివాడయ్యాడు, గొంతూ ముసలిదైంది. గొంతుకి వయసొస్తుందన్న సంగతి ఆ పాము చెవులకి తట్టలేదు. మంచాన పడ్డ పెద్దాయన చాకిరీ అంతా ఒక్క మాటతో దొంగసొమ్మయిపోయింది. పాపం అనిపించింది. కానీ పాపం అనుకునే లోపే ఊపిరాడింది. లేచి మెల్లగా గడియ తీశాడు.

ఇంతకీ దీనికీ ఆయుష్షుకీ సంబంధమేమిటని వెనకనుంచి టైలరమ్మ అడుగుతోంది.

"ఆయుష్షు కోసమేగా అక్కా ఇంత చేసింది. మళ్ళీ దొంగ గొంతు పెట్టకుండా చూడమని, రుజువులన్నీ కట్టి లైసెన్సిచ్చినవాళ్ళకి పంపాను" అన్నాడు మెకానిక్, జేబులోంచి కాగితం తీస్తూ. "నిన్న జవాబొచ్చింది. రేపటి రికార్డింగుకి వాళ్ళ మనిషి వచ్చి, అసలాయన్ని కళ్ళారా చూసి పోతాడట."