అక్క పాట

“ముందు రెండు ముద్దలు తిను భాయ్, పాట ఎక్కడికి పోతది?” అంటూ నిజాముద్దీన్ టిఫిన్ గిన్నె మూత తీశాడు.

గంగాప్రసాద్ తలెత్తలేదు. కరోకే మిషన్ ముందు గొంతుక్కూర్చుని రిమోట్ నొక్కుతున్నాడు. గల్ఫ్‌లోని అజైబాలో ఒక జపాన్ కంపెనీ గెస్ట్‌హౌస్ హాలు అది. అతను అక్కడ వంటవాడు, నిజాముద్దీన్ డ్రైవరు. గురువారం సాయంత్రమైతే చాలు, పెద్దసారు హయాషి ఆ హాల్లో మైకు పట్టుకుని ఎన్కా పాటలు అందుకుంటాడు. ఎన్కా అంటే వాళ్ళ ఏడుపు పాటలు. ఓడరేవులూ మంచూ విడిచిపోయిన మనుషులూ తప్ప వాటిలో ఇంకో గొడవ ఉండదు. మిషన్ నడిపే పని కూడా గంగాప్రసాద్ నెత్తినే పడింది కాబట్టి, మాటలకు అర్థం తెలియకపోయినా నాలుగైదు పాటలు నోటికొచ్చేశాయి.

“పాడినంక తింట. ఇప్పుడు తింటే గొంతు బరువెక్కుతది.”

“పొద్దటిసంది ఏం తినలే నువ్వు.”

“నాకు కావాల్సింది లీవు నిజాం భాయ్, అన్నం కాదు.”

ఆ లీవు కోసమే ఈ తంటా అంతా. మెట్‌పల్లిలో దేవవ్వ అక్క మంచాన పడింది. తల్లి పోయాక బీడీలు చుట్టి తమ్ముణ్ణి పెంచిన మనిషి, ఆ పొగాకు ధూళికే ఊపిరితిత్తులు పోగొట్టుకుంది. ఆఫీసులో సెలవుల సంగతి చూసే తహ్సీన్ రూలు చదివి వినిపించాడు. తల్లి, తండ్రి, భార్య, పిల్లలు అయితేనే అర్జెంటు సెలవట. అక్క ఆ వరసలో లేదు. అక్కే నాకు తల్లి అని పెద్దసారుకు చెప్పుకుందామంటే ఇతనికి ఇంగ్లీషు అంతంతమాత్రం, ఆయనకు హిందీ సున్నా. పాటతోనే చెబుతానని పంతం పట్టాడు గంగాప్రసాద్. అసలే మొండిఘటం.

“రేవు పాటంటే సారుకు పానం. కానీ అది మొగడు పెండ్లాలది,” అన్నాడు స్క్రీను చూస్తూ. “మంచు పాటల తాగుడే ఎక్కువ. వినంగనే సారు గ్లాసు అడుగుతడు.”

“మరి ఏది పాడ్తవ్?”

“అక్క పాట.”

చేపల రేవులో ఒక అక్క, చలికి చేతులు ఊదుకుంటూ, తమ్ముడి పడవ కోసం చూస్తూ ఉంటుంది. ఆ కథను హయాషే ఒకసారి సైగలతో చెప్పి, చివరికొచ్చేసరికి కళ్ళు తుడుచుకున్నాడు. అందులో గొంతు వణికించి లాగే చోటొకటి ఉంది. అది విన్నప్పుడల్లా బీడీల చాట ఒళ్ళో పెట్టుకుని అక్క తీసే కూనిరాగం గుర్తొచ్చేది గంగాప్రసాద్‌కు.

“అది వద్దు భాయ్,” అన్నాడు నిజాముద్దీన్.

“ఏమయితది?”

“ఏం లేదు. బాగ పెద్దగుంటది.” వాచీ చూసుకున్నాడు.

“పగటీలి సుమలతకు ఫోన్ చేసిన. అక్క పండుకున్నదట. ఇన్ని రోజులకు దగ్గు లేకుంట పండుకున్నదట. నువ్వు తిన్నవా అని అడుగుతది నా పెండ్లాం. ఏంది, ఇయ్యాల అందరు నా తిండి మీద పడ్డరు?”

గంగాప్రసాద్ నవ్వాడు. అక్కకు కాస్త నయమవుతోందన్న ఆశ ఆ నవ్వులో ఉంది. ఎలాగైనా ఈ వారంలో చేరుకుంటే, ఆమెను హైదరాబాద్‌లో పెద్ద డాక్టరుకు చూపించాలని కూడా అనుకున్నాడు.

హయాషి లోపలికి వచ్చాడు. గురువారం పూట గళ్ళ చొక్కా తప్ప ఇంకోటి వేయని మనిషి, ఆ ఉక్కలో నల్ల టై బిగించుకుని ఉన్నాడు. ఏ మీటింగు నుంచో నేరుగా వచ్చాడనుకుని గంగాప్రసాద్ గ్లాసు తెచ్చి పెట్టాడు. ఆయన వద్దని పక్కకు జరిపాడు.

“సార్, వన్ సాంగ్. నేను. మై సిస్టర్,” అన్నాడు గంగాప్రసాద్ మైకు గుండెకు ఆనించుకుని.

హయాషి నిజాముద్దీన్ వైపు చూశాడు. తర్వాత మెల్లగా తల ఊపి కూర్చున్నాడు.

గంగాప్రసాద్ పాడాడు. రెండో చరణానికి స్క్రీను చూడటం మానేశాడు. వణికించాల్సిన చోట గొంతు తనంతట తానే వణికింది. పాట అయ్యాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. హయాషి లేచి నిలబడి, నడుము దాకా వంగి, చాలాసేపు అలాగే ఉండిపోయాడు. పైకి లేచేసరికి ఆయన ముఖమంతా తడిసి ఉంది.

“గో,” అన్నాడు. “టుడే. సిస్టర్. గో హోమ్.”

“చూసినవా నిజాం భాయ్! రూలు ఏమాయె? పాట తాకింది!” గంగాప్రసాద్ చిన్నపిల్లాడిలా గంతు వేశాడు. “ఇగ తే, ఆకలి దంచుతుంది.”

ఏనాడూ పొయ్యి ముట్టించని నిజాముద్దీన్ ఆ రోజు తన చేత్తో వండి తెచ్చాడు. అన్నం, పచ్చిపులుసు. ఉప్పు ఎక్కువైంది. గంగాప్రసాద్ అదేమీ పట్టించుకోకుండా, అక్కకు ఏమేం తీసుకెళ్ళాలో చెప్పుకుంటూ ఆవురావురుమని తిన్నాడు. నిజాముద్దీన్ మారు వడ్డించాడు. గిన్నె ఖాళీ అయ్యేదాకా పక్కనుంచి కదల్లేదు. హయాషి కూడా కదల్లేదు.

చేయి కడుక్కుని వచ్చేసరికి తలుపు దగ్గర గంగాప్రసాద్ బ్యాగు సర్ది ఉంది. పైన టిక్కెట్టు.

“సారు ఒప్పుకున్నది ఇప్పుడే గదా? టిక్కెట్టు ఎప్పుడు తీసిన్రు?”

“పగటీలి.” నిజాముద్దీన్ అతని తడి చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు. “నువ్వు తిన్నంకనే చెప్పాలని సుమలత చెల్లె ఒట్టు వేయించుకున్నది.”

“ఏం చెప్పాలని?”

“అక్క పొద్దుగాల్నే పోయింది భాయ్.”